నల్లరాతి గోడల సాక్ష్యము

హైదరాబాదు నుండి మహబూబ్‌నగరు వైపునకు గాని, అనంతపురము నుండి పెనుకొండ వైపునకు గాని ప్రయాణము చేయువారికి దారి పొడవునను గ్రానైటు బండలు కనిపించును. బూడిదరంగునను లేత గులాబిరంగునను ఉన్న ఆ బండల నడుమ అక్కడక్కడ నల్లని రాళ్లగుట్ట యొకటి సన్నని గట్టువలె తిన్నగా చాలదూరము సాగిపోవుచుండును. ఎవరో పేర్చి విడిచిపోయిన కోటగోడ శిథిలమేమోయని క్రొత్తవారికి తోచును. పశువుల కాపరికి అది నల్లరాళ్లగుట్ట. రోడ్ల పనివానికి కంకరకు తగిన గట్టిరాయి. రాతి వ్యాపారికి మెఱుగుపెట్టి అమ్మదగిన ‘బ్లాక్ గ్రానైట్’. నిజమునకది గ్రానైటు కాదు. డోలరైటు అను వేఱొక అగ్నిశిల. గోడవలె నిలిచిన ఆ శిలను భూవిజ్ఞాని డైకు అని పిలుచును.

ఈ గోడ ఒక సాక్షి. ఇది పుట్టిననాడు ఇచ్చట నేల చీలినది. ఆ చీలికలోనికి కరగిన శిలాద్రవము క్రిందినుండి ఎగసివచ్చి గడ్డకట్టినది. అంతవఱకు కంటికి కనిపించుచునే యున్నది. అయితే నేల ఏల చీలినది? ఖండము రెండుగా విడిపోవుచుండెనా? సముద్రగర్భమున క్రొత్తనేల ఏర్పడుచుండెనా? లేక ఒక భూఫలకము మఱొకదాని క్రిందికి క్రుంగుచుండగా పై ఫలకము సాగినదా? ఈ ప్రశ్నలకు గోడ ఆకారము సమాధానము చెప్పలేదు. అందలి రసాయన ద్రవ్యము చెప్పగలదు. కాని న్యాయస్థానమున వలెనే ఇచ్చటను సాక్షి చెప్పినది ఒకటి, విన్నవారు గ్రహించినది మఱొకటి కావచ్చును. ఏబది సంవత్సరములకు పైగా సాగిన పరిశోధనలో భూరసాయనశాస్త్రము నేర్చుకొన్న ముఖ్యమైన పాఠమిదియే.

గోడ పుట్టుక

భూమి పైనున్న గట్టిపొరకు భూపటలమని పేరు. ఖండములక్రింద దాని మందము సాధారణముగా 35 నుండి 40 కిలోమీటర్లు. సముద్రములక్రింద సుమారు 7 కిలోమీటర్లు మాత్రమే. దానికి దిగువ 2,900 కిలోమీటర్ల లోతువఱకు వ్యాపించియున్న భాగము ప్రావారము. ప్రావారము ఎల్లెడల కరగియున్నదని పలువురు తలంతురు. అది నిజము కాదు. అది ఘనపదార్థమే. ఒత్తిడి తగ్గినచోటను, నీరు చేరినచోటను, వేడిమి హెచ్చినచోటను మాత్రమే అందలి కొంతభాగము కరగును. కరగిన ద్రవ్యము చుట్టునున్న రాతికంటె తేలికయగుటచే పైకి చొచ్చుకొనివచ్చును. పగులు దొరకినచో దానిని వెడల్పుచేసి నిండును. అట్లు నిండి చల్లారిన పలకయే డైకు. ఆ ద్రవ్యమే నేలపైకి పొర్లి గడ్డకట్టినచో బసాల్టగును. బసాల్టును డోలరైటును ఒకే తల్లికి పుట్టిన తోబుట్టువులు.

చల్లారుటలో ఒక గుర్తు మిగులును. చల్లని పాతరాతిని తాకిన అంచు వెంటనే గడ్డకట్టును. స్ఫటికములు పెరుగుటకు వ్యవధి లేకపోవుటచే అచ్చట రేణువులు మిక్కిలి సన్నముగా నుండును. నడిమిభాగము నెమ్మదిగా చల్లారుటచే అచ్చటి రేణువులు పెద్దవి. చిన్న భూతద్దము చేతనున్న విద్యార్థి ఈ భేదమును స్వయముగా చూడవచ్చును.

ఒక రాతిని చీల్చుకొనివచ్చిన రాయి దానికంటె తరువాతి కాలమునకు చెందినది. 1785లో స్కాట్లండులోని గ్లెన్ టిల్ట్ లోయయందు జేమ్స్ హట్టన్ పాతశిలలలోనికి చొచ్చుకొనిపోయిన గ్రానైటు తీగలను చూచి, గ్రానైటు ఒకప్పుడు కరగిన ద్రవ్యమనియు, తాను చొచ్చిన శిలలకంటె పిన్నదనియు నిర్ణయించెను. భూచరిత్రను చదువుటకు ఆనాడు దొరకిన ఈ సూత్రము నేటికిని చెల్లుచున్నది.

డైకు మఱొక సంగతియు చెప్పును. నేల ఏ దిక్కునకు సాగుచున్నదో ఆ దిక్కునకు అడ్డముగా పగులు ఏర్పడును. తూర్పు పడమరలుగా సాగిన నేలలో డైకులు ఉత్తర దక్షిణములుగా నిలుచును. ఒక ప్రదేశమున పది మీటర్ల వెడల్పుగల డైకులు నూఱు వరుసగా నున్నచో, అచ్చటి నేల మొత్తము వేయి మీటర్లు వెడల్పయినదని లెక్కించవచ్చును.

కాని నేల సాగుట యొక్కచోటనే జరుగదు. ఐస్లాండులో సముద్రమధ్యపు గట్టు విడిపోవుచున్నది. తూర్పు ఆఫ్రికాలో ఖండము చీలుచున్నది. పసిఫిక్ మహాసముద్రపు పడమటి అంచున ద్వీపమాలల వెనుక నేల సాగుచున్నది. మూడుచోట్లను డైకులు పుట్టును. కోట్ల సంవత్సరముల తరువాత చుట్టునున్న సముద్రము ఇంకిపోయి, పర్వతములు అరిగిపోయి, గోడ యొక్కటియే మిగిలినప్పుడు అది ఈ మూడింటిలో దేనికి చెందినదో పోల్చుట ఎట్లు?

ఇమడని మూలకములు

డోలరైటు తునకను పొడిచేసి పరీక్షించినచో అందులో నూటికి తొంబది తొమ్మిది పాళ్లు సిలికా, అల్యూమినా, ఇనుము, మెగ్నీషియం, సున్నము, సోడియం మొదలగు కొలదిపాటి ద్రవ్యములే యుండును. ఇవి అన్నిచోట్లను ఇంచుమించు ఒక్కటియే. జన్మస్థానమును తెలుపునవి మిగిలిన ఆ ఒక్కపాలులో దాగిన స్వల్పమూలకములు. వీనిని పది లక్షల భాగములకు ఇన్ని యని కొలుతురు.

వీని నడవడికి ఆధారమైన సూత్రములను స్థాపించినవారిలో ముఖ్యుడు విక్టర్ గోల్డ్‌ష్మిట్. 1888 మొదలు 1947 వఱకు జీవించిన ఈ శాస్త్రజ్ఞుడు, ఏ మూలకము ఏ స్ఫటికములో ఇముడునో దాని అణువుల పరిమాణమును విద్యుదావేశమును నిర్ణయించునని చూపెను. ప్రావారమునందలి ముఖ్య ఖనిజములు ఆలివిన్, పైరాక్సీన్. మెగ్నీషియం, నికెల్ వంటివి వానిలో చక్కగా ఇముడును. జిర్కోనియం, నియోబియం, థోరియం వంటివి ఇమడవు. గూటిలో ఇమడని పక్షి తలుపు తెఱచినంతనే యెగిరిపోవునట్లు, ప్రావారము కొంచెము కరగినంతనే యివి శిలాద్రవములోనికి చేరిపోవును. కావున కొంచెమే కరగినచోట పుట్టిన ద్రవములో ఇవి అధికముగను, చాలభాగము కరగినచోట పలుచబడి తక్కువగను ఉండును.

ఇందుకు సముద్రములే ఉదాహరణము. సముద్రమధ్యపు గట్టులలో పుట్టిన సాధారణ బసాల్టునందు పది లక్షల భాగములకు జిర్కోనియం సగటున 74, ఇట్రియం 28, నియోబియం 2.3 భాగములు మాత్రమే యుండును. హవాయి వంటి సముద్రద్వీపముల బసాల్టులలో అవియే క్రమముగా సుమారు 280, 29, 48 భాగములు. జిర్కోనియం దాదాపు నాలుగు రెట్లయినను ఇట్రియం పెరుగలేదు. దీనికి కారణము లోతు. ద్వీపముల క్రింద మిక్కిలి లోతున కరుగుట జరుగును. అంతలోతున గార్నెట్ అను ఖనిజముండును. అది ఇట్రియమును తనలో పట్టియుంచుకొని శిలాద్రవమునకు పోనీయదు. ఈ విధముగా రెండు మూలకముల నిష్పత్తి ఒక్కటియే కరగిన లోతును సూచించుచున్నది.

జూలియన్ పియర్స్, జో కాన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు 1973లో ఈ జ్ఞానమును ఒక పటముగా గీచిరి. టైటానియం, జిర్కోనియం, ఇట్రియం మూడింటిని త్రిభుజముపై గుర్తించగా, సముద్రగర్భపు బసాల్టులు, ద్వీపమాలల బసాల్టులు, ఫలకమధ్యమున పుట్టిన బసాల్టులు చాలవఱకు వేర్వేరు భాగములలో చేరినవి. వారీ మూడింటినే యేల యెన్నుకొనిరి? పాతశిలలు చెడిపోయి యుండును. వేడినీరు ప్రవహించి వానిలోని సోడియమును, పొటాషియమును, సున్నమును, ఒక్కొక్కప్పుడు సిలికానుగూడ కడిగివేయును, లేక క్రొత్తగా చేర్చును. టైటానియం, జిర్కోనియం, ఇట్రియం అంత సులభముగా కదలవు. తడిసిన పత్రముపై చెరగని సిరా యెట్టిదో చెడిన శిలలో ఈ మూలకములట్టివి.

పులుపు, పీచు

ఒక ఫలకము వేఱొకదాని క్రిందికి క్రుంగుచోట పుట్టిన శిలలకు ప్రత్యేకమైన ముద్ర యొకటి కలదు. క్రుంగు ఫలకము సముద్రగర్భమున నానినది. లోతునకు పోయినకొలది దానినుండి నీరు విడివడి పైనున్న ప్రావారములోనికి ఎక్కును. నీరు చేరుటచే ప్రావారము తక్కువ వేడిమికే కరగును. జపానునందును ఇండోనేషియాయందును అగ్నిపర్వతముల వరుసలుండుటకు కారణమిదియే.

ఆ నీరు ఒంటరిగా రాదు. చింతపండు నానవేసిన నీరు పులుపును తెచ్చును గాని పీచును గింజలను విడిచివచ్చును. అట్లే ఈ నీరు బేరియం, స్ట్రాన్షియం, పొటాషియం వంటి వానిని తనతో తెచ్చును. క్రుంగు ఫలకముపైనున్న సముద్రపు బురద కరగి థోరియమును చేర్చును. నియోబియం, టాంటలం మాత్రము దిగువనే నిలిచిపోవును. కావున అట్టిచోట పుట్టిన శిల మూలకములను వరుసగా రేఖాపటముపై గీచినచో ఇరుప్రక్కల ఎత్తుగను, నియోబియం వద్ద లోయవలెను కనిపించును. ఆ లోయ కనిపించినచో ‘ఇచ్చట ఫలకము క్రుంగినది’ అని చెప్పుట పరిపాటియైనది. అట్లు చెప్పుటలో ఎంత నిజమున్నదో, ఎంత తొందరపాటున్నదో తెలియుటకు రెండు ప్రదేశముల చరిత్ర చాలును. మొదటిది మధ్యధరా సముద్రములోనిది.

సైప్రస్ వివాదము

సైప్రస్ ద్వీపమునకును రాగికిని సంబంధము పురాతనమైనది. రాగికి లాటిను భాషలోని పేరు ఆ ద్వీపము పేరునుండియే పుట్టినది. ఆ రాగినిచ్చిన కొండలు ట్రూడోస్ పర్వతములు. వాని శిఖరమైన ఒలింపస్ ఎత్తు 1,952 మీటర్లు. ఈ కొండల నడుమ వింతయైన ప్రదేశమొకటి కలదు. సాధారణముగా డైకులు ఏదో యొక పాతశిలను చీల్చుకొని నిలుచును. ఇచ్చట చీల్చబడిన పాతశిలయే కనిపించదు. డైకు ప్రక్కన డైకు, దాని ప్రక్కన మఱొక డైకు, అలమరలో పుస్తకములవలె కిలోమీటర్ల పర్యంతము నిలిచియున్నవి. కొన్ని డైకులకు ఒకవైపు మాత్రమే సన్నని అంచున్నది. అనగా ఒక డైకు నడుమ చీలి, మఱొకటి దానిలో దూరి, మొదటిదాని రెండు సగములను దూరముచేసినది. నేల ఎడతెగక విడిపోవుచు, విడిపోయినచోటెల్ల క్రొత్త ద్రవము నిండినగాని ఇట్టి అమరిక యేర్పడదు.

సముద్రగర్భము గట్టుల వద్ద పుట్టి ఇరువైపులకు జరుగుచున్నదని 1962లో హ్యారీ హెస్ ప్రతిపాదించెను. 1963లో వైన్, మాథ్యూస్ అనువారు సముద్రగర్భపు అయస్కాంత చారలతో దానికి బలము చేకూర్చిరి. సైప్రస్‌లో పనిచేసిన ఇయన్ గాస్ 1968లో ట్రూడోస్ పర్వతములు పురాతన సముద్రగర్భపు ముక్కయేమోయని ప్రశ్నించెను. 1971లో మూర్స్, వైన్ కలిసి ఆ ప్రశ్నకు అవునని సమాధానము చెప్పిరి. డైకుల వరుస చూచినవారికి సందేహము మిగులలేదు. ఓడయెక్కి కిలోమీటర్ల లోతున వెదకవలసిన సముద్రగర్భము కాలినడకను చూడదగినచోట దొరకినదని అందఱును సంతసించిరి.

1973లో అకిహో మియాషిరో అను జపాను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న వ్యాసముతో ఆ సంతోషమునకు భంగము కలిగించెను. ట్రూడోస్ శిలల సిలికాను, ఇనుము మెగ్నీషియముల నిష్పత్తిని పరిశీలించి, వానిలో మూడవవంతు ద్వీపమాలల అగ్నిపర్వతశిలలను పోలియున్నవనియు, ట్రూడోస్ సముద్రమధ్యపు గట్టున గాక బహుశః ద్వీపమాలలో పుట్టినదనియు వ్రాసెను. ఇది కేవలము ఒక ద్వీపమునకు చెందిన తగవు కాదు. ఆల్ప్స్ మొదలుకొని హిమాలయముల వఱకు పర్వతములలో చిక్కిన ఇట్టి ముక్కలనే పురాతన మహాసముద్రములకు ఆనవాళ్లుగా భూవిజ్ఞానులు ఎంచుచుండిరి. మియాషిరో మాట నిజమైనచో ఆ లెక్కలన్నియు తిరుగవ్రాసికొనవలసివచ్చును.

విమర్శకులు ఊరకుండలేదు. ఆ శిలలు వేడి సముద్రజలములో నాని చెడినవి గనుక సిలికాను నమ్మరాదనిరి. డైకుల అమరికను చూచియు ద్వీపమాల యనుట యెట్లని అడిగిరి. 1974లో కిడ్, కాన్ అనువారు ట్రూడోస్ డైకుల సన్నని అంచులను ఒక్కొక్కటిగా లెక్కించి, అవి సముద్రగర్భము విడిపోవుటవలన ఏర్పడినవేయని నిరూపించిరి. కాన్ అనగా అంతకుముందు సంవత్సరము స్వల్పమూలకముల పటమును గీచినవారిలో ఒకడు. రసాయనశాలలో పనిచేసిన మనుష్యుడే కొండయెక్కి అంచులను లెక్కించుట గమనింపదగినది.

అయినను మియాషిరో వేసిన ప్రశ్న చావలేదు. చెడని మూలకములను కొలిచినప్పుడును ట్రూడోస్ శిలలు సముద్రమధ్యపు గట్టులోని వానిని పూర్తిగా పోలలేదు. టైటానియం తక్కువ. నీరు తెచ్చు మూలకములు ఎక్కువ. 1983లో రాబిన్సన్ మొదలగువారు ట్రూడోస్ లావాలలో ఏ మార్పునకును లోనుగాక మిగిలిన సహజమైన గాజును పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. లావా నీటిలోపడి క్షణములో గడ్డకట్టినప్పుడు స్ఫటికము లేర్పడక గాజగును. చెడిపోని గాజు తొమ్మిది కోట్ల సంవత్సరముల నాటి ద్రవమును ఉన్నదున్నట్లు దాచిన భరిణె వంటిది. ఆ గాజు మియాషిరో పక్షముననే సాక్ష్యము చెప్పినది. అందులో కొంత బోనినైటు అను అరుదైన శిలను పోలియున్నది. పసిఫిక్ మహాసముద్రములోని బోనిన్ ద్వీపముల పేరిట వెలసిన ఈ శిలలో సిలికా, మెగ్నీషియం రెండును ఎక్కువ, టైటానియం మిక్కిలి తక్కువ. ఒకమాఱు కరగి పిండబడిన ప్రావారము నీటి సహాయమున మరల కరగినగాని ఇట్టి ద్రవము పుట్టదు.

ఇక ఇద్దఱు సాక్షులును నిజమే చెప్పుచున్నట్లయినది. ఆకారము ‘నేల విడిపోయినది’ అనును. రసాయనము ‘క్రింద ఫలకము క్రుంగుచుండెను’ అనును. తగవు తీరినది ఒక పక్షము గెలుచుటవలన గాదు. ఫలకము క్రుంగ నారంభించినప్పుడు పై ఫలకపు అంచు సాగి విడిపోయి, అచ్చటనే క్రొత్త సముద్రగర్భము ఏర్పడవచ్చునని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. 1984లో పియర్స్, లిపార్డ్, రాబర్ట్స్ అనువారు ఇట్టి ముక్కలను క్రుంగుడు మండలమునకు పైన పుట్టిన సముద్రగర్భమని వేఱుజాతిగా వర్గీకరించిరి. 2014లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అను పరిశోధననౌక బోనిన్ ద్వీపముల తూర్పున సముద్రగర్భమును తొలిచి, సుమారు అయిదు కోట్ల సంవత్సరముల క్రిందట ఫలకము క్రుంగ నారంభించిన కాలపు బసాల్టులను బోనినైటులను వెలికి తెచ్చినది. కొండపై చదివిన కథకు సముద్రములో నకలు ప్రతి దొరకినది.

సాక్షికి ఎదురుప్రశ్న

రెండవ ప్రదేశము తెలుగునాటిదే. మొదట చెప్పిన నల్లరాతి గోడలు చీల్చుకొనివచ్చిన గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. గోడలన్నియు ఒకేనాటివి కావు. డోలరైటులో కంటికానని బడ్డెలైటు అను జిర్కోనియం ఖనిజము స్వల్పముగా నుండును. అందులోని యురేనియం నిలకడగా సీసముగా మాఱుచుండుటచే వయస్సు లెక్కింపవచ్చును. అట్లు లెక్కింపగా బెంగుళూరు నుండి అనంతపురము ప్రాంతము వఱకు తూర్పు పడమరలుగా వ్యాపించిన డైకులు సుమారు 237 కోట్ల సంవత్సరముల నాటివని తేలినది. పెనుకొండ వద్ద డైకు వీనిలోనిదే. సుమారు 221 కోట్ల సంవత్సరములనాడు, మరల 218 కోట్ల సంవత్సరములనాడు ఇతర సమూహములు వెలువడినవి. కడప ప్రాంతములో పులివెందుల వద్ద పొరల నడుమ అడ్డముగా పరచుకొన్న డోలరైటు సుమారు 188 కోట్ల సంవత్సరముల నాటిది. దానికి ఇంచుమించు సమకాలికములైన డైకులు బస్తరులో నున్నవి.

ఈ దక్షిణదేశపు డైకులలో అనేకములందు నియోబియం వద్ద ఆ లోయ స్పష్టముగా కనిపించుచున్నది. పటమును మాత్రమే చూచినవాడు ఇచ్చట ద్వీపమాల యుండెనని వెంటనే తీర్పు చెప్పును. అయితే ఎదురుప్రశ్నలు వేయవలసియున్నది. ఈ డైకులు నిలిచినది అప్పటికే గట్టిపడిన ఖండపు నడుమ. ఒకే వయస్సు గలవి వందల కిలోమీటర్ల వెడల్పున వ్యాపించినవి. చాలవఱకు మడతపడక తిన్నగనే నిలిచియున్నవి. ద్వీపమాలకు ఇది లక్షణము కాదు. ఖండము సాగుటకు లక్షణము. అట్లయిన ఆ లోయ ఎచ్చటినుండి వచ్చినది?

విద్యార్థులు కాగితముపై చేసికొనదగిన లెక్క యొకటి కలదు. సముద్రమధ్యపు సాధారణ బసాల్టులో పది లక్షల భాగములకు థోరియం 0.12, నియోబియం 2.33. థోరియమును నియోబియముతో భాగింపగా 0.05 వచ్చును. ఖండపు పైపొరలో సగటున థోరియం 10.5, నియోబియం 12. భాగింపగా 0.88. తొమ్మిదిపాళ్ల బసాల్టు ద్రవములో ఒకపాలు ఖండశిల కరగి కలిసినదనుకొనుడు. మిశ్రమములో థోరియం 1.16, నియోబియం 3.30 అగును. నిష్పత్తి 0.35. పదింట ఒకవంతు కలిసినంతనే నిష్పత్తి దాదాపు ఏడు రెట్లయినది! ఏ ఫలకమును క్రుంగనక్కఱలేకయే క్రుంగుడు ముద్ర పడినది. నలుబది కిలోమీటర్ల ఖండమును తొలుచుకొని వచ్చు వేడిద్రవము దారిలో గోడలను కొంతయైన కరగింపక మానదుగదా!

ఇది ఊహ మాత్రమే కాదు. 6.6 కోట్ల సంవత్సరముల నాటి దక్కను లావాలలో దీనికి సాక్ష్యమున్నది. పశ్చిమ కనుమలలోని బుషె వరుస లావాలలో ఖండశిల కలిసిన గుర్తులు బలముగను, అంబెనాలి వరుసలో మిక్కిలి స్వల్పముగను ఉన్నవి. ఆ కాలమున దక్కను క్రింద ఏ ఫలకమును క్రుంగుచుండలేదు. బుషె లావాలను మాత్రమే పటముపై నుంచినవాడు తప్పుదారి పట్టుట నిశ్చయము.

మఱొక మార్గమును గలదు. గ్రానైటు పుట్టిన 250 కోట్ల సంవత్సరముల ప్రాంతమున ఇచ్చట ఫలకములు ఢీకొని క్రుంగినవని పెక్కుమంది భూవిజ్ఞానులు తలంచుచున్నారు. అప్పుడు చేరిన నీరు, మూలకములు ఖండమునకు అడుగున అంటుకొనియున్న ప్రావారములో నిలిచిపోయినచో, కోట్ల సంవత్సరముల తరువాత అది కరగినప్పుడు పాతముద్రయే క్రొత్తద్రవములో కనిపించును. తాతలనాటి ఊరగాయజాడీ నెంత కడిగినను ఆ వాసన కొంత మిగులును. వాసనను బట్టి నేడే ఊరగాయ పెట్టిరనుట పొరపాటు.

ఈ రెండు మార్గములను వేఱుపఱచు పరీక్షలున్నవి. దారిలో ఖండశిల కలిసినచో, సిలికా హెచ్చిన తునకలలో నియోబియం లోయయు లోతగుచుండును. స్ట్రాన్షియం, నియోడిమియం మూలకముల సమస్థానీయములును అదే వరుసను మాఱుచుండును. ముద్ర మూలమునుండియే వచ్చినచో, మెగ్నీషియం అధికముగానున్న తొలిద్రవపు తునకలలోను అదే లోయ మాఱక కనిపించును. అందుచే ఒక డైకునుండి ఒక తునక తెచ్చి పటముపై చుక్క పెట్టుట పరిశోధన యనిపించుకొనదు. అంచునుండి, నడుమనుండి, ఒకే సమూహములోని పలు డైకులనుండి తునకలు తేవలెను. వయస్సు తెలిసియుండవలెను. దిక్కు కొలిచియుండవలెను. అది దేనిని చీల్చినది, దానిని ఏది కప్పినది చూచియుండవలెను.

పటములకు సహజమైన పరిమితి యొకటి యున్నది. వానిని గీచినది నేటి సముద్రములనుండియు ద్వీపములనుండియు తెచ్చిన చిన్నవయస్సు శిలలతో. 237 కోట్ల సంవత్సరముల క్రిందట ప్రావారము నేటికంటె వేడిగా నుండెను. నేటి కొలతబద్దతో ఆనాటి శిలను కొలుచునప్పుడు ఈ సంగతిని మఱువరాదు.

తెలుగునాటి డైకులను అధ్యయనము చేసినవారు సాధారణముగా చెప్పునది యిది. ఇవి గట్టిపడిన ఖండము పలుమాఱులు సాగిన కాలములకు గుర్తులు. వీనిలోని క్రుంగుడు ముద్ర డైకు పుట్టిననాటిది కాదు. దారిలో అంటినదో, తాతలనాటినుండి వచ్చినదో కావలెను. సైప్రస్‌లో రసాయనమును ఉపేక్షించినవారు సగము సత్యమును పోగొట్టుకొనిరి. ఇచ్చట రసాయనమును మాత్రమే నమ్మినవారు లేని సముద్రమును సృష్టింతురు.

పాఠశాలకు దగ్గఱలో నల్లరాతి గోడయున్న ఉపాధ్యాయునకు దీనిని బోధించుటకు ప్రయోగశాల అవసరము లేదు. గోడవెంట నడిచి దిక్సూచితో దిక్కు వ్రాసికొనవచ్చును. గ్రానైటును తాకిన అంచు వెదకి, అచ్చటి రేణువులను నడిమి రేణువులతో పోల్చవచ్చును. ఏది ముందు, ఏది తరువాత యని పిల్లలనే అడుగవచ్చును. స్వల్పమూలకములను కొలుచుటకు పెద్ద యంత్రములు కావలెను గాని, ఆ యంత్రములు అడుగవలసిన ప్రశ్నలు పొలముగట్టుననే పుట్టును.

అదే నల్లరాయి పలకలుగా కోయబడి, మెఱుగు పెట్టబడి నగరములోని భవనమున నేలపై పరచబడియున్నది. దానినుండి ఒక తునక తీసి పరీక్షించినను జిర్కోనియం అంతే యుండును. నియోబియం లోయ అట్లే యుండును. కాని అది ఏ దిక్కున నిలిచినదో, దేనిని చీల్చినదో, దాని అంచు ఎట్లుండెనో చెప్పువారు లేరు. ఊరు పేరు తెలియని సాక్షి మాట యెంత స్పష్టముగానున్నను ఏ న్యాయాధిపతియు దానిపై తీర్పు వ్రాయడు.